సిద్రాలో భద్రపరచదగిన వస్తువుల జాబితా

ఒమాన్ మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు, గొడుగుల విషయంలో తప్ప. అంత ఎండ కాసే దేశంలో గొడుగు దొరకదు. సహం బజారులో నాలుగు దుకాణాలు తిరిగాను. జపాను రేడియోలున్నాయి, చైనా ఫ్లాస్కులున్నాయి, ఎవరు కప్పుకుంటారో తెలియదు గానీ ఉన్ని కంబళ్ళు కూడా ఉన్నాయి. గొడుగు అడిగితే మాత్రం దుకాణదారు, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న గుజరాతీ పెద్దమనిషి, నన్ను పైనుంచి కిందికి చూసి "వానెక్కడుంది?" అన్నాడు. వానకు కాదండీ, ఎండకు అన్నాను. "ఎండ రోజూ ఉండేదేగా. రోజూ ఉండేదానికి గొడుగేమిటి?" అన్నాడు. అందులోని తర్కం అప్పుడూ అర్థం కాలేదు, తిరిగొచ్చాక ఇంత తీరుబడిగా ఆలోచించినా కావడం లేదు. తలకు తువ్వాలు చుట్టుకుని బయల్దేరాను.

సహం: కాగితం పుట్టిన చోటు

అది డెబ్భై ఆరు. సహం దగ్గర ఒక రోడ్డు కంపెనీ క్యాంపులో నేను టైమ్ కీపర్ని. కరీంనగర్‌లో బి.ఎ. దాకా అర్థశాస్త్రం చదివినందుకు గౌరవంగా, ఎవడు ఎన్నింటికి డ్యూటీకి వచ్చాడో రాసే పని నాకు అప్పగించారు.

మా పెద్ద ఇంజనీరు ఇంగ్లండు మనిషి. మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. సెలవు మీద సొంత ఊరికి వెళ్ళి, అందరిలా చాక్లెట్లు తీసుకురాకుండా ఒక కాగితాల కట్ట తెచ్చాడు. వాళ్ళది చిన్న పల్లెటూరు. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కల పొలాల్లోనూ ఉన్న పాత వస్తువులకు, చెట్టూ చేమకూ ఊరివాళ్ళే కమిటీ వేసుకుని జాబితా రాశారట. మూడు పేజీలు, సైక్లోస్టైలు చేసినవి. నేనూ చదివాను. కుంట ఒకటి, బాతులు అప్పుడప్పుడు. కంచె ఒకటి, ఎవరు నాటారో తెలియదు. మైలురాయి ఒకటి, అక్షరాలు చెరిగినవి. లోపల డొల్లయిన చెట్టు ఒకటి. ఒక్కోదానికీ ఒక అంకె, ఒక వయసు, ఎలా ఉందో ఒక ముక్క. బాతులకు మాత్రం వయసు వెయ్యలేదు. అది నాకు కొంచెం లోటుగా అనిపించింది.

మా ఊళ్ళో ఇలాంటి జాబితా రాయాలంటే ముందు కమిటీలో ఎవరుండాలన్న దాని మీదే ఒక వేసవి గడిచిపోతుంది. ఆ తర్వాత కుంట ఎవరి పట్టాలో ఉందన్న మాట ఎవరో ఒకరు ఎత్తుతారు. ఇక జాబితా పూర్తి చెయ్యాల్సింది మేజిస్ట్రేటే.

ఇంజనీరు గారికి ఆ కాగితం తలకెక్కింది. ఇబ్రి అవతల మేం వెయ్యబోయే రోడ్డు సిద్రా అనే ఊరి పక్క నుంచి పోతుంది. రోడ్డు గీత గుర్తుకు ఎర్రతల మేకులు అప్పటికే కొట్టేశారు. ఆ మేకుల దారిలో ఉన్న పాతవన్నీ జాబితా రాయాలి. రాయడానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలి. క్యాంపులో ఇంగ్లీషు వచ్చి పని లేకుండా ఉన్నది నేనే అని ఎవరో ఆయన చెవిలో వేశారు.

నియమం కూడా ఆయనే చెప్పాడు. రెండు వందల ఏళ్ళు దాటిన వస్తువైతే రోడ్డు పక్కకు జరుగుతుంది. దాటకపోతే వస్తువు జరగాలి. మూడో దారి లేదు. నాలుగు రోజులయ్యాక తానే వచ్చి చూస్తానన్నాడు.

నాతో ఇద్దరిని పంపారు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన రాజన్న, గడ్డపార మనిషి, వంట కూడా చేస్తాడు. కడప నుంచి వచ్చిన ఖాదర్ భాయ్, లారీ డ్రైవరు, అరబ్బీ బాగా వచ్చినవాడు. అరబ్బు ఏం చెప్పినా ఖాదర్ దాన్ని కడప తెలుగులోకి మార్చి నాకు వినిపించేవాడు. అందుకే ఈ రోజుకీ ఒమాన్ పెద్దలందరూ నా జ్ఞాపకంలో కడప యాసలోనే మాట్లాడుతుంటారు.

ఖబూరా: ఆవుల ఆహారం

మొదటి రోజు ఖబూరాలో ఆగాం. ఒడ్డు పొడవునా ఇసుక మీద చిన్న చేపలు ఎండబోశారు. మా దగ్గర మిరపకాయలు ఎండబోసినట్టే, వాసన ఒక్కటే తేడా. చేపల పక్కన నీడలో ఒక ఆవు కట్టేసి ఉంది. దాని ముందు తొట్టి. తొట్టి నిండా అవే చేపలు. ఆవు తాపీగా నములుతోంది.

రాజన్న లారీ దిగినవాడు దిగినట్టే నిలబడిపోయాడు.

"సారు, గది ఆవేనా?"

"ఆవే, రాజన్నా."

"చాపలు తింటున్నది సారు!"

"ఔరా, దానికి లేని బాధ నీకేంది?" అన్నాడు ఖాదర్. "ఈ పక్కంతా అంతే. గడ్డి యాడుంది ఈడ? పాలు గూడా బాగానే ఇస్తాది."

పాల మాట రాగానే రాజన్న ముఖం మారింది. అప్పటికి ఆయన ఒమాన్ వచ్చి ఎనిమిది నెలలు. రోజుకు మూడు చాయల చొప్పున మనసులో ఏదో లెక్క వేసుకున్నట్టున్నాడు. క్యాంపులో చాయ్ డబ్బాపాలతో కాస్తారని, ఆ డబ్బాలు ఓడలో వస్తాయని ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఆ ప్రయాణం పొడుగునా నల్ల చాయే తాగాడు.

ఇబ్రి: మేకల ప్రదక్షిణం

ఖబూరా నుంచి ఇబ్రికి వాగులోంచే దారి. నీళ్ళు లేని వాగును అక్కడ వాది అంటారు. నీళ్ళు వస్తే కూడా వాదే అంటారట, కాకపోతే అప్పుడు అనడానికి మనిషి ఉండడని ఖాదర్ చెప్పాడు. రాళ్ళ మీద లారీ ఎగిరిన ప్రతిసారీ నా అర్థశాస్త్రం కొంచెం కొంచెం కింద పడిపోయింది.

ఇబ్రిలో పొద్దున్నే సంత చూశాం. మన అంగడిలో మేక ఒకచోట నిలబడుతుంది, కొనేవాడు దాని చుట్టూ తిరుగుతాడు. ఇక్కడ కొనేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు, అమ్మేవాడు మేకను పట్టుకుని ధర అరుస్తూ వాళ్ళ చుట్టూ తిరుగుతాడు. ఎవరికైనా నచ్చితే చెయ్యి చాచి ఆపి, మేక పళ్ళు చూస్తారు. నడుముకు వంకర కత్తి, భుజాన తుపాకీ పెట్టుకున్న మనిషి ఒక మేకపిల్ల కోసం అర రియాలు దగ్గర గంటసేపు గీచిగీచి బేరం ఆడాడు. తుపాకీ వైపు ఒక్కసారి కూడా చెయ్యి పోలేదు. మా అంగడిలో బెల్లం బేరానికి ఇంతకంటే ఎక్కువ ప్రమాదం ఉంటుంది.

అక్కడి హల్వా కొన్నాం. ఖర్జూరపు ఆకుల బుట్టలో పోసి ఇచ్చాడు. నెయ్యీ కుంకుమపువ్వూ కలిసి వేళ్ళకు అంటుకుని సాయంత్రం దాకా వదల్లేదు. సిద్రా జాబితా మొదటి పేజీ మీద ఉన్న మరక అదే. ఇంజనీరు గారు దాన్ని లారీ నూనె అనుకున్నారు.

సిద్రా: వార్తలేమీ లేవు

సిద్ర్ అంటే రేగు. ఊరి పేరే రేగుచెట్టు. చెట్టు నిజంగానే ఉంది, మన రేగు కంటే నాలుగింతలు పెద్దది. జాబితాలో మొదటి అంకె దానికిచ్చాను. కొండ కొన మీద గుండ్రంగా రాళ్ళు పేర్చిన పాత సమాధులు ఏడెనిమిది ఉన్నాయి, బోర్లించిన గాదెల్లా. రెండో అంకె వాటికి. కూలిన బురుజు ఒకటి, మూడు. పని ఇంత సులువని ముందే తెలిస్తే అర్థశాస్త్రం చదివేవాణ్ని కాదు.

ఊళ్ళోకి అడుగుపెట్టగానే చాప మీద కూర్చోబెట్టారు. ఖర్జూరాలు వచ్చాయి, చేదు కాఫీ వచ్చింది. అప్పుడు సయీద్ అనే ముసలాయన, సన్నగా, నెరిసిన గడ్డంతో, ఊరి తరఫున ఖాదర్‌ను అడిగాడు: ఏం వార్తలు?

"ఏం లేవు, అంతా మంచిదే," అన్నాడు ఖాదర్.

ముసలాయన మళ్ళీ అడిగాడు. ఏం లేవని ఖాదర్ మళ్ళీ చెప్పాడు. మూడోసారి కూడా అంతే. తర్వాత ఖాదర్ అడగడం, ఆయన లేవనడం. ఇది అక్కడి మర్యాదట. ఇంట్లో పీనుగ లేచినా ముందు వార్తల్లేవనే చెప్పాలి. అసలు సంగతి మూడో కప్పు తర్వాత.

మా వైపు మనిషి గడప దాటకముందే వార్త లోపలికొస్తుంది. తరచూ మనిషి కంటే వార్తే పెద్దది. ఇక్కడ మేం వాళ్ళ ఊరి మీదుగా రోడ్డు వేసుకుని వచ్చి, వార్తలేమీ లేవని మూడుసార్లు చెప్పాం.

మూడో కప్పు తర్వాత ఖాదర్ జాబితా సంగతి చెప్పాడు. సయీద్ శ్రద్ధగా విన్నాడు. కొండ మీద సమాధులు ఎవరివని అడిగాను.

"ఎవురివో. మాయి గాదు," అన్నాడు సయీద్, ఖాదర్ నోటి వెంట. "దొడ్డి గోడకు రాళ్ళు తక్కువైతే ఆడ్నించి తెచ్చుకుంటాం అంటాండాడు సార్."

ఆ ముక్క రాయలేదు. పరిస్థితి అన్న గడిలో 'కొంత తరుగుదల' అని రాశాను.

ఊరి చివర చదునైన ఖాళీ జాగా కనిపించింది. చెట్టు లేదు, గోడ లేదు. నడుమ మనిషెత్తు కర్ర ఒకటి, చుట్టూ అక్కడక్కడ రాళ్ళు. కర్రకు నాలుగడుగుల్లో మా కంపెనీ వాళ్ళు కొట్టిన ఎర్రతల మేకు. జాబితాలో రాయదగ్గదేమీ లేదు కనుక గుడారం వేసుకోవడానికి భేషైన చోటని నిర్ణయించాను. ఆ ప్రయాణం మొత్తంలో నేను స్వయంగా తీసుకున్న నిర్ణయం అదొక్కటే.

మూడు రాళ్ళు

మర్నాడు పొద్దున పప్పు ఉడుకుతున్న వాసనకు లేచాను. ఆ వెంటనే అరుపులకు కూడా. జాగాలో పదిహేను మంది ఉన్నారు. నడుమ నల్ల ముసుగు వేసుకున్న ఒకావిడ, చేతిలో పార, ఎదురుగా ఉన్న మనిషి మీద విరుచుకుపడుతోంది. అతనూ తగ్గడం లేదు. సయీద్ ఇద్దరి మధ్యా వంగి నేల చూస్తున్నాడు. పడిపోయిన సూది వెతుకుతున్నట్టుంది.

ఖాదర్ విని వచ్చాడు.

"సార్, ఇది ఖాళీ జాగా గాదు. ఇది ఈళ్ళ నీళ్ళ లెక్క."

ఆ ఊరికి కొండ కింద నుంచి తవ్వుకొచ్చిన కాలువ ఒకటే ఆధారం. ఫలజ్ అంటారు. నలభై ఇళ్ళ తోటలకు ఆ నీళ్ళే వంతులు. ఎవరి వంతు ఎంతసేపన్నది ఆ కర్ర నీడ చెబుతుంది. నీడ ఒక రాయి నుంచి తర్వాతి రాయికి జరిగితే అర్ధగంట. రాయికి నీడ తగలగానే సయీద్ కేక వేస్తాడు, తోటలో ఉన్నవాడు మడవ మార్చి నీళ్ళు తన మడికి తిప్పుకుంటాడు. సయీద్ పనే అది. ఆ ముసుగావిడ మోజా, భర్త పోయినావిడ, రెండు ఆవులు, ఒక గడ్డి మడి. ఆ రోజు మొదటి వంతు ఆమెది. నీడ రాయికి చేరిందని తర్వాతివాడు మడవ కట్టేశాడు, ఇంకా చేరలేదని ఆమె తెంచేసింది. చేరిందో లేదో చూద్దామంటే రాయి లేదు. ఒకటి కాదు, వరసగా మూడు లేవు.

అందరం ఒకేసారి మా పొయ్యి వైపు చూశాం.

మూడు రాళ్ళు, చక్కగా ఒకే ఎత్తువి, వాటి మీద గిన్నె, గిన్నెలో పప్పు.

రాజన్న గరిటె కింద పెట్టాడు. "గీ దేశంల రాళ్ళకు కరువా సారు? ఊకెనే వడి ఉన్నయనుకున్న. సాపుగున్నయని తెచ్చిన."

గుట్టలు గుట్టలుగా రాళ్ళున్న దేశంలో, సరిగ్గా లెక్క ఉన్న రాళ్ళే ఏరుకొచ్చాం. పొయ్యికి రాళ్ళు ఎంచడంలో తరాల అనుభవం ఉండాలి, దానికి చదువు చాలదు.

మోజా మా దగ్గరికొచ్చి రాజన్నతో ఏదో అంది. చాలాసేపే అంది.

"ఏమంటున్నది భాయ్?" అన్నాడు రాజన్న.

"వద్దులే. తెలుగులో బాగుండదు."

సయీద్ మాత్రం గిన్నె దింపమని సైగ చేశాడు. వేడి రాళ్ళను పార మీద మోసుకెళ్ళి, కర్ర దగ్గర నుంచి తన పాదాలతో కొలుచుకుంటూ, మడమ ఆనించి వేలు, వేలు ఆనించి మడమ, ఒక్కోటీ దాని చోట పెట్టాడు. ఊరంతా ఆ పాదాల వైపే చూసింది. రాళ్ళు మూడూ ఇప్పుడు నల్లగా ఉన్నాయి.

అప్పుడు రాజన్న నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అన్నాడు: "గీయన మా నీరటి అసొంటోడు సారు. మా దిక్కు చెరువు కింద ఎవ్వల మడికి ఎంత నీళ్ళు ఇడువాల్నో నీరటి జెప్తడు. ఆయన మాట మీద ఊరు నడుస్తది. నాకు తెల్వదా గిది? తెలిసి తెలిసి గిట్ల జేస్తి."

ఆ పగలంతా రాజన్న పార పట్టుకుని మోజా మడి కాలువలో పూడిక తీశాడు. ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఆమె చిప్ప నిండా మజ్జిగ పంపింది. రాజన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఖాదర్ వైపు తిరిగి, "ఆమె ఆవులు ఏం తింటయో జర అడుగు భాయ్," అన్నాడు. గడ్డేనని తెలిశాక చిప్ప ఖాళీ చేశాడు.

నేను ఎర్రతల మేకు దగ్గర కూర్చుని ఆలోచించాను. రోడ్డు ఆ మేకు మీదుగా వస్తే కర్రా రాళ్ళూ తారు కిందికి పోతాయి. ఇంకోచోట పెట్టుకోరాదా అని ఖాదర్ చేత అడిగించాను.

"పెట్టొచ్చంట," అన్నాడు ఖాదర్. "కాకపోతే కొత్త జాగాలో ఎవుని వంతు పెరిగిందో ఎవునిది తగ్గిందో తేలేలోపల సగం తోటలు ఎండిపోతాయంట. వాళ్ళ నాయినల కాలంలో ఒకసారి రెండడుగులు జరిపినారంట. ఆ కొట్లాటలో మాట్లాడుకోని ఇండ్లు ఇంగా రెండుండాయంట."

జాబితాలో నాలుగో అంకె వేశాను. కర్ర, రాళ్ళు, నీళ్ళ వంతులకు. వయసు అన్న గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది. తర్వాత నాలుగు వందల ఏళ్ళు అని రాశాను. సయీద్‌ను అడగాలని తోచకపోలేదు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం వేసింది.

ఇంజనీరు గారి రాక

చెప్పిన రోజునే, చెప్పిన గంటకే ఇంజనీరు వచ్చాడు. రేగుచెట్టు చుట్టూ తిరిగి టోపీ తీశాడు. కొండ మీద సమాధులు ఒక్కోదాన్నీ అడుగులతో కొలిచాడు. వాటి కోసం రోడ్డును నలభై గజాలు జరుపుతున్నానని అక్కడే నిలబడి ప్రకటించాడు. ఖాదర్ ఆ మాట అరబ్బీలో చెబితే సయీద్ మర్యాదగా తల ఊపాడు. పక్కింటివాడికి లాటరీ తగిలిందని వింటే మనం ఊపినట్టు.

తర్వాత కర్ర దగ్గరికి వచ్చాం. ఊరివాళ్ళు కొందరు చేరారు. మోజా పార పట్టుకుని తన గట్టు మీదే నిలబడి చూస్తోంది.

ఇంజనీరు ముందు రాళ్ళు చూశాడు. నల్లని మూడింటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వేలితో రుద్ది, మసి చూసి, కళ్ళు పెద్దవి చేసి నన్నడిగాడు: పూర్వం ఇక్కడ అగ్నిని పూజించేవారా?

రాజన్న నా చెవి దగ్గరికి వంగాడు. "ఏమంటుండు సారు?"

"మసి గురించి అడుగుతున్నాడు."

"మన పప్పుదని చెప్పుమంటరా?"

"నిన్ను అడిగితే చెప్పు."

ఇంజనీరు నోటుబుక్కులో ఆ మూడు రాళ్ళ బొమ్మ గీసుకున్నాడు. నాలుగు వందల ఏళ్ళన్నది ఆ క్షణంలో నాకే కాస్త పొదుపుగా రాసినట్టు అనిపించింది. పని అయిపోయినట్టేననుకున్నాను.

కానీ ఆయన లేచి కర్రను పట్టుకున్నాడు. పైనుంచి కిందికి నిమిరాడు. బెరడు ఇంకా ఊడలేదు. నా జాబితా చూశాడు, కర్ర చూశాడు, నన్ను చూశాడు. నేను కొండ వైపు చూశాను. అప్పుడు సయీద్ వైపే తిరిగి, కర్ర ఎన్నేళ్ళదని అడిగాడు.

నేను ఖాదర్‌కు చెప్పాను. ఖాదర్ సయీద్‌కు చెప్పబోతూ నా వైపు తిరిగి, "యేం చెప్పమని అడగాల సార్?" అన్నాడు. పాత కర్ర అని చెప్పించమని నేను అనేలోపే, ప్రశ్న ఏమిటో కర్ర మీదున్న ఇంజనీరు చెయ్యి చూసి గ్రహించిన సయీద్ ఒక వేలు ఎత్తాడు. ఒక ఏడాది. ఇంగ్లీషు నాకూ అరబ్బీ ఖాదర్‌కూ అప్పగించారు గానీ, వేళ్ళ మీద మాకు ఏ అధికారమూ ఇవ్వలేదు.

వాగు వచ్చి పాతది కొట్టుకుపోతే పోయినేడు తనే నరికి పాతానని సయీద్ వివరంగా కూడా చెప్పాడు. గర్వంగానే చెప్పాడు.

ఇంజనీరు పాపం నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎర్ర పెన్సిలు తీసి నాలుగో అంకె మీద మొన ఆనించి, ఒక్క క్షణం ఆలోచించి, ఊరందరికీ మేలు జరిగేలా ఒక మార్గం కనిపెట్టాడు. మంచివాడని ముందే చెప్పాను. కర్ర పోతే పోయింది, కంపెనీ ఖర్చుతో ఊరి నడుమ స్తంభం కట్టించి పెద్ద గడియారం పెట్టిస్తాడట. నిమిషాల ముల్లుతో సహా. ఇంగ్లండు నుంచి తెప్పిస్తాడట. అర్ధగంటలేమిటి, అర నిమిషాలు కూడా పంచుకోవచ్చట.

నేను తెలుగులో చెప్పాను. ఖాదర్ అరబ్బీలో చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు గుసగుసలాడారు. మోజా గట్టు దిగి రెండడుగులు ముందుకొచ్చింది. సయీద్ ఇంజనీరు వైపు చూశాడు, ఆయన చేతిలో ఉన్న పెన్సిలు వైపు చూశాడు. కేక వెయ్యడానికి అలవాటుపడిన గొంతు కదా, మామూలుగా చెప్పినా జాగా అంతటా వినబడింది. ఖాదర్ ఒక్క ముక్క తగ్గించకుండా, పెంచకుండా నాకు అప్పజెప్పాడు:

"గడియారం పెట్టుకోమను. దానికి కీ తిప్పేవాన్ని గూడా వాళ్ళ దేశం నుంచే తెచ్చి పెట్టమను. మా ఊర్లో ఎవుడు తిప్పినా, ముల్లు జరిపినాడని వారం తిరగకముందే వానికి గుంత తవ్వాల్సొస్తాది."